వెనక్కి తిప్పని కాగితం

నా ఎడమ చెవి సరిగ్గా వినపడదు. క్లాసులో పిల్లలు ఆ పక్క నుంచి ఏదైనా అడిగితే మెడ తిప్పి కుడిచెవి అటు పెట్టుకుంటాను. పుట్టుకతో వచ్చింది కాదిది. ఇరవయ్యో ఏట, ఏప్రిల్ నెలలో, ఒక మామిడితోటలో నా స్నేహితురాలు కొట్టిన దెబ్బకి కర్ణభేరి చిరిగిపోయింది. కొట్టే హక్కు ఆమెకు ఉంది. ఆ హక్కు ఎలా వచ్చిందో చెప్పాలంటే అంతకుముందు జూలై నుంచి మొదలుపెట్టాలి.

ఎనభైల మొదటి సంవత్సరాలు. నూజివీడులో బీకాం ఆఖరి ఏట్లోకి వచ్చాం. మాది ముసునూరు. నాన్న మిషను వాళ్ళ ఎలిమెంటరీ బళ్ళో టీచరు. పొద్దున బైబిలు చదివించి, సాయంత్రం గ్రామరు చెప్పి నాకు ఇంగ్లీషు నేర్పారు. అందుచేత కాలేజీలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నా దగ్గరికే పట్టుకొచ్చేవాళ్ళు. అది నాకు మహా గొప్పగా ఉండేది. తెలియని మాట తగిలినా తడుముకోకుండా ఏదో ఒక అర్థం చెప్పేసేదాన్ని.

నా స్నేహితురాలిది విస్సన్నపేట రోడ్డులో ఒక తోటలోనే కాపురం. వాళ్ళ నాన్న ఆ తోటకు కాపలా. తోట ఒకరిది, ఆ ఏటి కాయ కొనుక్కున్న షావుకారు ఇంకొకరు. వీళ్ళకు ఉన్నది చెట్ల మధ్య తాటాకు పాక, రెండు మేకలు. వాళ్ళమ్మ కోతలప్పుడు గంపలు కట్టేది, మిగతా రోజుల్లో ఏ కూలి దొరికితే ఆ కూలికి పోయేది. ఇద్దరికీ అక్షరం రాదు. కూతురు మాత్రం లెక్కల్లో మా అందరికంటే గట్టిది. ఆమె కుడిచెంప మీద చిన్నప్పుడు మామిడి సొన పడి కాలిన మచ్చ ఉండేది. ఎవరైనా దానివంక చూస్తే, ఇంకా కావాలంటే దగ్గరికొచ్చి చూడమనేది. ఎవరికీ భయపడే పిల్ల కాదు.

ఆ జూలైలో కాలేజీ గోడల నిండా పోస్టర్లు వెలిశాయి. నల్లగౌను, టోపీ పెట్టుకున్న అమ్మాయి బొమ్మ. పైన పెద్ద అక్షరాలతో, ‘చదువు మీది, ఖర్చు మాది.’ కింద ఎర్రగా, ‘ఉద్యోగం వచ్చాకే కట్టండి.’ బెజవాడ నుంచి వచ్చిన ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీ అది. లైబ్రరీకి రెండు ఫ్యాన్లు ఇచ్చిందట. దాంతో సైకిలు స్టాండు పక్కన బల్ల వేసుకోవడానికి ప్రిన్సిపాలు ఒప్పుకున్నాడు. బల్ల వెనక సఫారీ డ్రస్సులో ఏజెంటు కూర్చునేవాడు. నెమ్మదైన మనిషి, ప్రతి మాటకీ ‘అమ్మా’ అని పిలుపు. కాస్త దూరంలో జీపు. ఆ జీపు అద్దాలు తుడుస్తూ మెడ లావుపాటి డ్రైవరు ఒకడు.

ఫారాలు ఇంగ్లీషులో ఉన్నాయి. పిల్లలు నా చుట్టూ మూగారు. రెండోరోజుకే ఏజెంటు నాకు తన పక్కన కుర్చీ వేయించాడు. “మా రైటరమ్మ” అని పేరు పెట్టాడు. పదో ఫారం నింపిన రోజున చేతి గడియారం ఇచ్చాడు. మా ఇంట్లో అప్పటిదాకా గడియారమంటే నాన్నగారిదొక్కటే.

ఫారానికి ముందువైపు పేరు, ఊరు, తండ్రి పేరు. వెనకవైపు పేజీ అంతా చీమల బారులాగా సన్నటి అక్షరాలు. ఒకసారి అడిగాను, “వెనక ఏముంది సార్?” అని.

“మామూలు రూల్సమ్మా. బస్సు టిక్కెట్టు వెనక కూడా ఉంటాయి. ఎవరైనా చదువుతారా?” అని నవ్వాడు.

నేనూ నవ్వాను. మొత్తం పందొమ్మిది ఫారాలు నింపాను. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి తిప్పి చదవలేదు.

నా స్నేహితురాలికి ఆఖరి ఏటి ఫీజు, పుస్తకాలు, టైపు ఇన్‌స్టిట్యూటు ఖర్చు కావాలి. వాళ్ళ నాన్న ఉతికిన పంచె కట్టుకుని కాలేజీకి వచ్చాడు. చెప్పులు జీపు పక్కన విడిచి బల్ల దగ్గరికి నడిచాడు. ఏజెంటుతో మాట్లాడలేదు, నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

“పాపా, నువ్వు చదివావు గదా? ఇబ్బందేం లేదుగా?”

“చదివాను బాబాయ్. ఏం ఇబ్బంది లేదు” అన్నాను.

ఆయన బొటనవేలు నేనే పట్టుకుని సిరాలో అద్దాను. చెట్లెక్కి ఎక్కి ఆ వేలు అరిగిపోయింది, ముద్ర సరిగ్గా పడలేదు. మళ్ళీ అద్ది గట్టిగా నొక్కాను. ఒకటి ఫారం మీద, నా స్నేహితురాలి సంతకం పక్కన. ఇంకొకటి ప్రోనోటు మీద, అంటే బాకీ ఉన్నానని రాసిచ్చే పత్రం మీద. అందులో స్టాంపు తప్ప ఒక్క అక్షరం లేదు. మొత్తం ఎంతో, వడ్డీ ఎంతో అన్నీ ఖాళీ. ఆ ఖాళీ కాగితం కింద సాక్షిగా నేను సంతకం చేశాను. తోక తిప్పి, అందంగా చేశాను.

గడియారం చూసి నాన్న ఎవరిచ్చారని అడిగారు. చెప్పాను. ఎందుకిచ్చారని అడిగారు. అదీ చెప్పాను. ఫారం ఒకటి తెమ్మని, వరండాలో కూర్చుని వెనకవైపు పెట్టి, స్కేలు ఒక్కో లైను కిందికి జరుపుకుంటూ చదివారు. చాలాసేపు పట్టింది.

“ఇది చదివావా?”

“చదివాను.”

“ఆరో లైనులో ఏముందో చెప్పు.”

ఆయనే తెలుగులో చెప్పారు. వడ్డీ వచ్చే నెల నుంచే మొదలు. రెండు నెలలు వరుసగా కట్టకపోతే మొత్తం ఒకేసారి కట్టాలి. కట్టలేకపోతే కంపెనీ మనుషులు ఇంటికొచ్చి సామానైనా, పశువులనైనా తోలుకుపోవచ్చు. ‘ఉద్యోగం వచ్చాకే’ అన్న మాట ఆ పేజీలో ఎక్కడా లేదు. అది గోడ మీద మాత్రమే ఉంది.

“అమ్మాయ్, మనిషి తనంతట తాను వచ్చి డబ్బిస్తానంటే, ఎందుకిస్తున్నాడో ముందు అడగాలి. గోడ మీద రాసింది కాదు, సంతకం పెట్టేచోట రాసింది చదవాలి. బళ్ళో పిల్లలకు కూడా తెలుస్తుందే ఇది” అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన సైకిలు మీద కాలేజీకి వచ్చారు. పిల్లలందరూ చూస్తుండగా గడియారం బల్ల మీద పెట్టారు. ఫారం తిప్పి ఏజెంటు ముందుంచారు.

“అయ్యా, ఈ పేజీ తెలుగులో గట్టిగా చదివి పిల్లలకు వినిపించండి. విన్నాక కూడా ఇష్టపడినవాళ్ళు పెడతారు సంతకం.”

“మీరు పెద్దవారు మాస్టారూ. ఎండలో వచ్చారు, కూర్చోండి” అన్నాడు ఏజెంటు.

“కూర్చోడానికి రాలేదండీ. చదవండి.”

ఏజెంటు జీపు వంక చూశాడు, అంతే. డ్రైవరు వచ్చి నాన్న జబ్బ పట్టుకుని గుంజాడు. నాన్న బల్ల వదల్లేదు. డ్రైవరు మోకాలితో ఆయన నడుం మీద పొడిచాడు. చేతులు జారాయి. మెడ మీద చెయ్యివేసి ఒక్క తోపు తోశాడు. నాన్న సైకిళ్ళ వరస మీద పడ్డారు. ఒకదాని మీద ఒకటి పది సైకిళ్ళు కూలాయి. పెడలు గుచ్చుకుని మోచేతి నుంచి రక్తం కారింది. డ్రైవరు ఆయన సైకిలెత్తి నేలకేసి కొట్టి, చక్రం వంగేదాకా తొక్కాడు. పిల్లల్లో కొందరు ఈలలు వేశారు. డబ్బు రాకుండా అడ్డం పడుతున్నాడని వాళ్ళ కోపం.

నేను కుర్చీలోంచి లేవలేదు. నాకప్పుడు డ్రైవరు మీద కోపం రాలేదు, నాన్న మీద వచ్చింది. నలుగురిలో తలెత్తుకోకుండా చేశాడనుకున్నాను. నాన్న వంగిన సైకిలు పట్టుకుని ప్రిన్సిపాలు గదికి వెళ్ళారు. ప్రిన్సిపాలు అన్న మాట తలుపు బయటికి వినిపించింది. “ఫారాలన్నీ నింపింది మీ అమ్మాయే కదండీ.”

ఇంటికి రాగానే నేనే ముందు నోరు పారేసుకున్నాను. “నా పరువంతా తీశావు” అన్నాను. బళ్ళో ఎంతోమందిని కొట్టిన చెయ్యి నా మీద ఎన్నడూ లేవలేదు. ఆ సాయంత్రం లేచింది. రూళ్ళకర్ర తీసుకుని చేతుల మీద, వీపు మీద కొట్టారు. కర్ర మోచేతి ఎముకకు తగిలి కేకపెట్టినా ఆగలేదు. “చదివానని చెప్పావే! చదవకుండా చదివానని చెప్పావే!” అదొక్కటే మాట. అమ్మ మధ్యలోకి వచ్చి పట్టుకుంటే ఆమెకీ రెండు తగిలాయి. తర్వాత కర్ర పారేసి గోడకు చేరబడి ఏడ్చారు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

ఆ పందొమ్మిది మందికీ వెళ్ళి చెప్పమన్నారు. చెబుతానన్నాను. చెప్పలేదు. అందరికీ డబ్బు అందింది, అందరూ సంతోషంగా ఉన్నారు. నా స్నేహితురాలు టైపు నేర్చుకుంటోంది. ఇప్పుడు వెళ్ళి, నేను చదవలేదని, మీ నాన్నతో అబద్ధమాడానని ఎలా చెప్పను? ఏమీ కాదులే అనుకున్నాను. ఏమీ కాదులే అనుకుంటూ ఐదు నెలలు గడిపాను.

క్రిస్మసు సెలవుల ముందు ఆమె ఒక కవరు పట్టుకొచ్చింది. కంపెనీ నోటీసు. వాయిదాలు కట్టలేదు కాబట్టి మొత్తం వెంటనే కట్టాలని ఉంది. ఆ మొత్తం ఆమె తీసుకున్నదానికి రెండింతలపైన.

“ఇదేంటే? ఉద్యోగం వచ్చాక అన్నారుగా?” అంది.

“ఏదో పొరపాటయ్యుంటుంది. అడుగుదాం” అన్నాను. అప్పుడూ నిజం చెప్పలేదు.

ఇద్దరం నూజివీడు బజారులో మేడ మీద ఉన్న వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాం. ఏజెంటు అదే నవ్వుతో ప్రోనోటు తీసి చూపించాడు. ఖాళీలన్నీ నిండి ఉన్నాయి. “ఇది మీ నాన్న వేలిముద్రేగా? ఈ సాక్షి సంతకం మన రైటరమ్మదేగా? ఇంక పొరపాటెక్కడుందమ్మా?” అన్నాడు. మెట్లు దిగుతూ నా స్నేహితురాలు నోటీసు మడిచి పుస్తకంలో పెట్టుకుంది. బస్టాండు దాకా వచ్చాక నా మొహంలోకి చూసి అడిగింది, “నువ్వు చదివావుగా?”

“చదివాను. వాళ్ళు తర్వాత మార్చినట్టున్నారు” అన్నాను.

ఆమె నమ్మింది. నా జీవితంలో నేనాడిన అబద్ధాలన్నిటిలోకీ అది నీచమైంది.

ఏప్రిల్‌లో పరీక్షలకింకా పదిరోజులుందనగా చదువుకోవడానికి తోటకు వెళ్ళాను. బంగినపల్లి కోత జరుగుతోంది. పొద్దున పది దాటింది. కోతవాళ్ళు తోట చివర, గెడలకు వల కట్టిన చిక్కాలతో కాయ దింపుతున్నారు. పాక దగ్గర మేం నలుగురమే ఉన్నాం. వాళ్ళ నాన్న కాయల రాశి దగ్గర కూర్చున్నాడు. వాళ్ళమ్మ కొడవలితో ఎండుగడ్డి కోస్తోంది. నా స్నేహితురాలు గంపల్లో గడ్డి పరిచి కాయలు పేరుస్తుంటే, నేను పక్కన కూర్చుని నోట్సు పైకి చదువుతున్నాను.

జీపు వాకిట్లోని కంపతడికను గుద్దుకుని లోపలికొచ్చింది. ఏజెంటు, డ్రైవరు, ఇంకో ఇద్దరు దిగారు.

“ఏం పెద్దాయనా, నోటీసులు అందాయా?” అన్నాడు ఏజెంటు.

“అందినయ్ బాబూ. సీజను అయ్యాక షావుకారు కాపలా డబ్బులిత్తాడు. ఇయ్యగానే తెచ్చి మీ చేతిలో పెడతా.”

“మా కంపెనీకి సీజన్లుండవు” అని ఏజెంటు తలూపాడు. మనుషులిద్దరూ కట్టిన గంపలెత్తి జీపులో పెట్టడం మొదలుపెట్టారు.

ఆయన లేచి పరుగెత్తాడు. “అయ్యా, కాయ నాది కాదు. రాలిన ఆకు కూడా నాది కాదు. ఒక్క గంప తగ్గినా నన్ను దొంగంటారయ్యా!” అంటూ ఒక గంప మీద పడి రెండు చేతులా వాటేసుకున్నాడు.

డ్రైవరు లాగాడు. ఆయన వదల్లేదు. డ్రైవరు చెట్టుకానించిన గెడ తీసుకుని భుజం మీద కొట్టాడు. రెండో దెబ్బ తుంటి మీద పడింది. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది, అది ఎముకో, గెడో ఆ క్షణాన తెలియలేదు. మూడో దెబ్బకు గెడ విరిగింది. నాలుగోది ఆ విరిగిన ముక్కతోనే కొట్టాడు. ముసలాయన గంప వదలకుండానే పక్కకు ఒరిగాడు. కాయలు దొర్లిపోయాయి.

వాళ్ళమ్మ గడ్డి కోస్తున్న కొడవలితో అలాగే వచ్చి డ్రైవరు ముంజేతి మీద వేసింది. చర్మం తెరుచుకుంది. రక్తం చిమ్మి పచ్చటి కాయల మీద పడింది. ఆమె రెండోసారి ఎత్తేలోపు వెనక నుంచి ఇంకొకడు తన్నాడు. బోర్లా పడిందామె. వాడు బూటుకాలితో పొట్టలో తన్నాడు. ఆమె ముడుచుకుపోతే వీపు మీద తన్నాడు. ఊపిరందక ఆమె నోరు తెరిచి మూయడం నాకిప్పటికీ కనిపిస్తుంది.

నా స్నేహితురాలు వెళ్ళి తల్లి మీద పడింది. ఎన్నడూ గొంతు పెంచని ఏజెంటు అప్పుడు ముందుకొచ్చాడు. ఆమె జడ పట్టుకుని చేతికి రెండు చుట్లు చుట్టుకుని జీపు వైపు ఈడ్చాడు. “ఫారం మీద సంతకం నీదేగా? నడు, ఆఫీసులో కూర్చుందువుగాని. మీవాళ్ళు డబ్బు తెచ్చి విడిపించుకుంటారు.” ఆమె కాళ్ళు నేల మీద గీరుకుపోతున్నాయి. అంతలో నేను కనిపించాను. “రైటరమ్మా, నువ్వూ ఇక్కడే ఉన్నావా? చెప్పు వీళ్ళకి, వెనక ఏం రాసుందో!”

నోట్సు చేతిలో పట్టుకుని బొమ్మలా నిలబడ్డాను. పశువులు, సామాను అని రాసుంది. మనిషిని జడపట్టి ఈడ్చుకుపోవచ్చని లేదు. ఆ సంగతి కూడా నా నోటంట రాలేదు. చివరికి గొంతులోంచి వచ్చింది ఒట్టి కేక. కేక వెనక కేక పెట్టాను. తోట చివర ఉన్న కోతవాళ్ళకు అది వినిపించింది.

పన్నెండుమంది గెడలతో పరుగెత్తుకొచ్చారు. ఒక్కరూ ఏం జరిగిందని అడగలేదు. నేల మీద ఉన్నవాళ్ళను చూశారు, మొదలుపెట్టారు. ఏజెంటు జడ వదిలి దడి దూకి, చొక్కా కంపకు చిరిగి వేలాడుతుంటే రోడ్డున పడ్డాడు. మిగతా ఇద్దరూ వాడి వెనకే పారిపోయారు. డ్రైవరు మాత్రం దొరికిపోయాడు. గెడలతో కాళ్ళ మీద కొట్టారు. మోకాలు పక్కకు తిరిగిపోయింది. అందరూ కలిసి జీపును ఊపి ఊపి పక్కకు పడేశారు, అద్దాలు పొడిచారు.

వాళ్ళు జీపు మీద పడ్డప్పుడు డ్రైవరు ఒక్కడే చెట్టు పాదులో పడి ఉన్నాడు. నేను నోట్సు కింద పెట్టి, పాదు గట్టున ఉన్న రాయి ఒకటి తీసుకున్నాను. రెండు చేతులకీ సరిపోయే రాయి. అతను నన్ను చూశాడు. “వద్దమ్మా” అన్నాడు. ఆ మనిషి నన్నప్పుడు ఏమీ చెయ్యలేడు, లేచి కూర్చోనైనా లేడు. అది నాకు తెలుసు. తెలిసే మూతి మీద కొట్టాను. పళ్ళు విరిగిన చప్పుడు చేతుల్లోకి వచ్చింది. మళ్ళీ రాయెత్తాను. కోతవాళ్ళలో ఎవరో వెనక నుంచి నా చేతులు పట్టుకున్నారు. అతను పట్టుకోకపోతే ఏం చేసి ఉండేదాన్నో నాకు తెలుసు.

రాయి పడేసి నా స్నేహితురాలి దగ్గరికి వెళ్ళాను. తల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జడలో సగం వెంట్రుకలు ఊడి చెవి పక్కన రక్తం కారుతోంది. పక్కన మోకరించి, ఇక దాచలేక చెప్పేశాను. “నేను చదవలేదే. ఆ వెనకపేజీ ఎప్పుడూ చదవలేదు.”

తల్లి తలను మెల్లగా గడ్డి మీద పెట్టి లేచి నిలబడింది. నేనూ లేచాను. అరచెయ్యి చాచి నా ఎడమ చెవి మీద కొట్టింది. తలలో ఏదో పగిలింది. తోటంతా ఒక్కసారి మూగబోయి, తర్వాత సన్నటి ఈల మొదలైంది.

“మా నాయన నిన్నడిగాడు. వాణ్ణి కాదు, నిన్నడిగాడు!” అన్నది రెండో చెవితో విన్నాను.

కాయల లారీలో వాళ్ళ అమ్మనీ నాన్ననీ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆయన తుంటి విరిగింది. ఆమె పక్కటెముకలు రెండు విరిగాయి. మధ్యాహ్నానికి పోలీసులొచ్చి కోతవాళ్ళలో ఎనిమిదిమందిని పట్టుకెళ్ళారు. బాకీ గురించి మాట్లాడటానికి వస్తే కూలీలు దోచుకుని చంపబోయారని కంపెనీ కేసు పెట్టింది. అందులో నా పేరు లేదు. ఎందుకు లేదో మర్నాడు తెలిసింది. ఏజెంటు ఇంకో జీపులో మా ఇంటికొచ్చాడు.

“మాస్టారూ, మీ అమ్మాయి చదువుకున్న పిల్ల. ప్రోనోటు మీద సాక్షి సంతకం తనదే. బాకీ నిజమని, కూలీలే ముందు కలబడ్డారని చెబితే చాలు. తన జోలికి ఎవరూ రారు” అన్నాడు.

నాన్న అతన్ని వరండాలోనే నిలబెట్టి నా వైపు తిరిగారు. “నువ్వేం చూశావు?”

చెప్పాను.

“నువ్వేం చేశావు?”

రాయి సంగతి చెప్పాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న “బట్టలు మార్చుకో. స్టేషనుకు పోదాం” అన్నారు. ఏజెంటు చూస్తుండగానే తలుపేశారు.

స్టేషనులో ఆ ఎనిమిదిమందీ గోడవారగా కూర్చుని ఉన్నారు. అరికాళ్ళు వాచి నల్లబడ్డాయి. ఒకతని చేతివేళ్ళు నలిగిపోయాయి. నా చేతులు ఆపినవాడు అతనే. ఆ వేళ్ళు నేను గుర్తుపట్టాను. ఎస్సై నేను చెప్పేది రాయనన్నాడు. “ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఈ గొడవ? ఇంటికి పో.”

“రాయండి సార్. మీరు రాసేదాకా ఇక్కడే కూర్చుంటాం” అన్నారు నాన్న.

పొద్దువాలేదాకా కూర్చున్నాం. ఒక కానిస్టేబులు రెండుసార్లు నాన్నను బయటికి గెంటాడు. రెండుసార్లూ తిరిగొచ్చి అదే బల్ల మీద కూర్చున్నారు. చివరికి రాశారు. ఖాళీ కాగితం, వేలిముద్ర, జడ, గెడ, రాయి, అన్నీ. ఎనిమిదిమంది తర్వాత తొమ్మిదో ముద్దాయిని నేను. మా పాస్టరుగారు, హెడ్మాస్టరుగారు జామీను నిలబడ్డారు. ఆ ఏడు పరీక్షలు నేను రాయలేదు. నా స్నేహితురాలూ రాయలేదు.

కేసు నడుస్తుండగా నేనూ నాన్నా మిగిలిన పద్ధెనిమిది ఇళ్ళకూ తిరిగాం. వెనకపేజీని నాన్న తెలుగులో రాసిచ్చారు. ప్రతి ఇంట్లో నేనే గట్టిగా చదివాను. చదివాక, దీన్ని నేనప్పుడు చదవలేదని కూడా చెప్పాను. ఒకచోట తండ్రి మా ఎదుటే కొడుకును చెప్పుతో కొట్టాడు. ఒకచోట పేడనీళ్ళు మా మీద కుమ్మరించారు. ఒక తల్లి అది వినగానే నుదురు రోటికేసి బాదుకుంది, పట్టుకోవడానికి ఇద్దరం సరిపోలేదు. అయినా పదకొండుమంది కోర్టుకొచ్చి, తాము వేలిముద్ర వేసింది ఖాళీ కాగితం మీదేనని చెప్పారు.

నేనిప్పుడు కామర్సు చెబుతాను. మా కాలేజీ గోడ మీద అప్పిస్తామన్న కాగితం ఎవరంటించినా, ఆ రోజు పాఠం ఆపేసి దాని ఫారం తెప్పిస్తాను. మొదటి లైను నుంచి ఆఖరి లైను దాకా పిల్లలచేతే చదివిస్తాను. కొందరికి విసుగు. విసుక్కోనీ.

ఆ కేసు విచారణలో కంపెనీ లాయరు నన్ను అబద్ధాలకోరు అన్నాడు. అవును, అప్పుడు అబద్ధం చెప్పానన్నాను. అంతమంది ఒకేమాట చెప్పేసరికి కంపెనీ దిగివచ్చింది. ఆ పదకొండుమందివీ, నా స్నేహితురాలిదీ ప్రోనోట్లు వెనక్కిచ్చేస్తామని, తీసుకున్న అసలు మాత్రం నెమ్మదిగా కట్టుకోమని, కొట్లాట సంగతి ఎవరూ ఎత్తొద్దని పెద్దమనుషులతో కబురుపెట్టింది. మావాళ్ళు ఒప్పుకున్నారు. ఆ ఎనిమిదిమంది కోతవాళ్ళూ పిల్లాపాపలతో కోర్టు వాయిదాలకు తిరిగే స్థితిలో లేరు.

డ్రైవరు కర్ర పట్టుకుని బోనెక్కాడు. ముందుపళ్ళు లేక మాట గాలిగా వస్తోంది. ఎవరు కొట్టారో గుర్తులేదని చెప్పాడు. అతనికి అలా చెప్పమన్నారు. కేసు కొట్టేశారు. బయటికొచ్చాక నాన్న అతని దగ్గరికి వెళ్ళి, “దెబ్బ తగ్గిందా?” అని అడిగారు. అతను తేరిపార చూసి పక్కవాణ్ణి అడిగాడు, “ఎవరీయన?”

నేను అతని ముందు నిలబడి, ఆ రాయి నాదని చెప్పాను. “తెలుసు” అన్నాడు. కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. క్షమించమని అడగాలనుకున్నాను గానీ నోరు రాలేదు. అతను మా నాన్నను తోసినందుకు కొట్టానా, బాబాయిని కొట్టినందుకు కొట్టానా, లేక నా తప్పు నా ఎదురుగా పడి ఉంటే చూడలేక కొట్టానా?

తిరుగు బస్సు నిండిపోయింది. నా స్నేహితురాలు కిటికీ పక్కన కూర్చుంది, పక్కన వాళ్ళమ్మ. వాళ్ళ నాన్న ముందు సీట్లో కాలు చాపుకుని ఉన్నాడు. ఆయన మళ్ళీ చెట్టెక్కలేదు, తోట కాపలా కూడా ఇంకొకరికి ఇచ్చేశారు. నేను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. రెండు స్టాపులు దాటాక వాళ్ళమ్మ కూతుర్ని కిటికీ వైపుకు జరిపి, తనూ జరిగి, చారెడు చోటు చేసింది.

“కూచో. ఎంత దూరమని నిలబడతావు?”

కూర్చున్నాను. నా స్నేహితురాలు మొహం తిప్పలేదు. ఉంగుటూరు వైపు నాట్లకు మనుషులు కావాలంటున్నారనీ, వచ్చే వారం సామాను తీసుకుని అటే వెళ్ళిపోతున్నామనీ వాళ్ళమ్మ చెప్పింది. పక్కటెముకలు ఇంకా నొప్పేనా అని అడిగితే, వంగితే తెలుస్తుందని అంది. నాట్లంటే రోజంతా వంగే పని.

మూడేళ్ళ తర్వాత నూజివీడు బజారులో వాళ్ళమ్మ కనిపించింది. కూతురు ప్రైవేటుగా కట్టి బీకాం పాసయిందని, ఊళ్ళో సహకార సంఘంలో లెక్కలు రాస్తోందని చెప్పింది. ఫీజెలా కట్టారని నేను అడగలేదు. “నీకు చెప్పొద్దంది. నేనే చెబుతున్నా” అని గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.